బాపు పేరు: వెట్టి నుంచి పుస్తకం దాకా దళిత తండ్రుల చరిత్ర

కరీంనగర్ పల్లెల్లో తండ్రిని బాపు అంటారు, నాయిన అంటారు, అయ్య అంటారు. ఈ మూడు పిలుపులూ వాడలోనే చెల్లినయి, గడి ముందు చెల్లలేదు. గడి ముందు నిలబడ్డ మాల మాదిగ మనిషికి వయసెంతున్నా ‘ఒరే’ అనే పిలుపే. మల్లయ్య మల్లిగాడు, ఎల్లయ్య ఎల్లిగాడు. పక్కన పదేండ్ల కొడుకు నిలబడి వింటున్నా అంతే. ఇంట్లో తనకు పెద్దదిక్కయిన మనిషి ఊరి నడుమ ‘గాడు’ అయిపోవడం ఆ పిల్లవాడు కులం గురించి నేర్చుకున్న మొదటి పాఠం. ఆ పాఠానికి బడి అక్కర్లేదు.

దళిత చరిత్ర రాయడం మొదలుపెట్టాక మనం భూమి గురించి రాశాం, వెట్టి గురించి రాశాం, కారంచేడు (1985), చుండూరు (1991) గురించి రాశాం. నాయకుల జీవితాలు సేకరించాం. కానీ దళితుడు తండ్రిగా ఎట్లా బతికాడు, తండ్రిగా బతకనీయకుండా అతన్ని ఎవరు ఆపారు, ఆపినా అతను పిల్లల కోసం ఏం దాచిపెట్టాడు అనే ప్రశ్నను చరిత్ర ప్రశ్నగా తీసుకోలేదు. అది ఇంటి సంగతి, మనసు సంగతి అని పక్కన పెట్టాం. అగ్రవర్ణాల ఇండ్లలో తండ్రులు పిల్లలకు భూమి, పేరు, వంశచరిత్ర ఇచ్చిపోతే దాన్ని మాత్రం చరిత్రగానే ఒప్పుకున్నాం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

తండ్రి గురించి కొడుకో బిడ్డో రాసిన దళిత పుస్తకాలు గత మూడు నాలుగు దశాబ్దాల్లో కొన్ని వచ్చినయి. వాటిలో ముఖ్యమైనదొకటి మన కరీంనగర్ మట్టిలో పుట్టిన కుటుంబానిది. వీటిని కుటుంబ గౌరవం చాటుకునే పుస్తకాలుగా చదివి పక్కన పెట్టొద్దని, ఇవి వెట్టి మీద ఇచ్చిన సాక్ష్యాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నల్లజాతి ప్రజలు అమెరికాలో ఇదే పని చేస్తున్నారు గనుక వాళ్ల అనుభవాన్ని పక్కన పెట్టుకుని చూద్దాం.

రెండు బానిసత్వాలు, రెండు రకాల తండ్రులు

అమెరికాలోని వర్జీనియా వలస ప్రాంతంలో 1662లో ఒక చట్టం చేశారు. పుట్టిన బిడ్డ స్వేచ్ఛాజీవా, బానిసా అన్నది తల్లి స్థితిని బట్టి తేలుతుందని దాని సారం. ఇంగ్లండు ఆచారంలో బిడ్డ తండ్రిని అనుసరించాలి. దాన్ని తలకిందులు చేశారు. ఎందుకంటే తెల్ల యజమానికి బానిస స్త్రీ వల్ల పుట్టిన బిడ్డ కూడా బానిసగానే ఉండాలి, ఆస్తిగా లెక్కకు రావాలి. ఈ ఒక్క చట్టం రెండు పనులు చేసింది. తెల్ల తండ్రికి బాధ్యత లేకుండా చేసింది, నల్ల తండ్రికి హక్కు లేకుండా చేసింది. నల్ల తండ్రికి పిల్లలు ఉంటారు, వాళ్ల మీద అతనికి చట్టం దృష్టిలో ఏ అధికారమూ ఉండదు. రేపు పొద్దున యజమాని బిడ్డను అమ్మితే ఆపలేడు.

జొసయ్యా హెన్సన్ అనే మాజీ బానిస 1849లో తన జీవితకథ అచ్చువేయించాడు. అందులో అతని తండ్రి కనిపించేది కొద్దిసేపే. భార్య మీద చెయ్యి వేసిన తెల్ల ఓవర్సియర్ను ఆ తండ్రి కొట్టాడు. దానికి శిక్షగా కొరడా దెబ్బలు కొట్టి, చెవి కోసి, ఆ తరువాత దూరాన అలబామాకు అమ్మేశారు. కొడుకు మళ్లీ తండ్రిని చూడలేదు. తండ్రి తండ్రిగా, భర్తగా నిలబడ్డందుకే ఆ శిక్ష. 1865లో బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్లు పత్రికల్లో ప్రకటనలు ఇచ్చుకున్నారు: ఫలానా ఊళ్లో, ఫలానా యజమాని దగ్గర విడిపోయిన నా తండ్రి, నా తల్లి, నా బిడ్డ ఎక్కడున్నారో తెలిస్తే చెప్పండి అని. దశాబ్దాల పాటు అట్లా వెతికారు. తండ్రులు బాధ్యత లేకుండా వెళ్లిపోయారనే మాటకు ఆ ప్రకటనలే జవాబు.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. నిజాం తెలంగాణలో మాల మాదిగలను సంతలో అమ్మలేదు. కుటుంబం కలిసే ఉండేది. కానీ తండ్రి ఒళ్లు తండ్రిది కాదు. చెప్పులు కుట్టిపెట్టాలి, మోటకు తోలు సామాను చేసిపెట్టాలి, డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును మోయాలి, దొర చిట్టీ పట్టుకుని ఊరూరా ఉరకాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. ఇదంతా వెట్టి. దానికి తోడు అప్పు ఉంది. పెండ్లికో, కరువులో గింజలకో తీసుకున్న అప్పు కింద మనిషి జీతానికి కుదురుతాడు. అది తీరదు. తండ్రి ముసలోడైతే కొడుకు అదే కొట్టంలో, అదే గొడ్ల దగ్గర, అదే అప్పు కింద నిలబడతాడు. దీన్ని హైదరాబాదు రాజ్యంలో భగేలా అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక రెగ్యులేషన్ తెచ్చింది. అయినా దేశమంతటికీ వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో మళ్లీ చేయాల్సి వచ్చిందంటే ఆ రెగ్యులేషన్ ఊళ్లలో ఎంత పనిచేసిందో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ తేడా గమనించాలి. అక్కడ చట్టం బిడ్డకు తండ్రి లేకుండా చేసింది. ఇక్కడ ఆచారం తండ్రినే అప్పు కాయితంగా మార్చింది. దొర కొడుక్కు తండ్రి నుంచి భూమి వస్తుంది, దళితుడి కొడుక్కు తండ్రి నుంచి బాకీ వస్తుంది. కాబట్టి దళిత తండ్రి ముందున్న పని వేరే. తన కొడుకు తనలాగా కాకుండా చూడటమే అతని తండ్రితనం. తన బతుకును కొడుక్కు అందకుండా తెంపేయాలి. దానికి ఎంత తెగువ కావాలి!

వంగపల్లి నుంచి రైలు పట్టాల దాకా

వై.బి. సత్యనారాయణ ఇంగ్లీషులో రాసిన ‘మై ఫాదర్ బాలయ్య’ 2011లో వచ్చింది. పి. సత్యవతి చేసిన తెలుగు అనువాదం ‘మా నాయన బాలయ్య’ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చింది. ఇది పాత కరీంనగర్ జిల్లా వంగపల్లికి చెందిన యెలుకటి వారి మూడు తరాల కథ.

కథ భూమితో మొదలవుతుంది. ఆ ఇంటి పెద్ద కుట్టిచ్చిన చెప్పులకు మెచ్చి నిజాం భూమి ఇచ్చాడు. దొర దాన్ని దక్కనీయలేదు. కొడుకు నర్సయ్య చేతికి రావాల్సిన భూమి దొర పాలైంది. రాజు ఇచ్చినా దొర ఇవ్వడు. తెలంగాణలో అధికారం ఎక్కడుండేదో చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. నర్సయ్య ఊరు విడిచాడు. అతని కొడుకే బాలయ్య. రైల్వేలో చిన్న పని దొరికింది. తండ్రి ఊరు విడిచిన ఆ ఒక్క అడుగు కొడుకును వెట్టి నుంచి తప్పించిందని మనవడు రాశాడు.

రైలే ఎందుకు? దీన్ని అదృష్టం అని దాటేయకూడదు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే లైను 1920ల చివరికల్లా పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా పడింది. ఆ లైను వెంబడే బెల్లంపల్లి దిక్కు బొగ్గు బావులు తెరుచుకున్నయి. పట్టాలు వేయడానికి, బొగ్గు తవ్వడానికి మనుషులు కావాలి. ఆ పనికి అగ్రవర్ణాలు రావు. ఊరి నుంచి పారిపోయిన మాల మాదిగలకు అక్కడ చోటు దొరికింది. రైల్వేలో, సింగరేణిలో పని బరువైనదే. కులం అక్కడా ఉంది. కానీ మూడు సంగతులు మారినయి. కూలి నగదుగా వస్తుంది. మనిషి పేరు రిజిష్టరులో ఎక్కుతుంది. దొర మాట ప్లాట్‌ఫారం దాటి రాదు. నెలకు ఇంత అని చేతికి వచ్చినప్పుడే కొడుకును జీతానికి కుదర్చకుండా బడికి పంపే వీలు తండ్రికి దొరుకుతుంది. తండ్రితనానికి ప్రేమ ఒక్కటే చాలదు, దానికి నగదు కూలి కూడా కావాలి.

బాలయ్య ఆ వీలును గట్టిగా పట్టుకున్నాడు. చదువు తప్ప మరో దారి లేదని తెలుసుకున్నాడు. పిల్లల మీద కఠినంగా ఉన్నాడు. ఆయన కొడుకుల్లో వై.బి. అబ్బసాయులు ఉస్మానియా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు, సత్యనారాయణ కెమిస్ట్రీ చదివి కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ పుస్తకం గురించి ఒక మాట చెప్పాలి. తండ్రి కఠినత్వాన్ని కొందరు పాఠకులు తప్పుపట్టవచ్చు. బుజ్జగించే తీరిక ఉన్న తండ్రుల కొలతతో ఈ తండ్రిని కొలవలేం. వెనక దొర గడి ఉంది, ముందు బడి ఉంది, మధ్యలో ఒకే ఒక తరం టైముంది. ఆ తొందరే కఠినత్వంగా పిల్లల మీద పడింది. అయితే ఆ తొందర పిల్లలకు ఎంత బరువైందో కూడా రాయాల్సిందే. అది లేకపోతే చరిత్ర సగమే అవుతుంది.

తండ్రులను రాసిన మరికొందరు

ఇది ఒక్క కరీంనగర్ సంగతి కాదు. నరేంద్ర జాదవ్ మరాఠీలో 1993లో తన తండ్రి దాము గురించి పుస్తకం తెచ్చాడు. మహర్లకు ఊరు అప్పజెప్పిన వెట్టి కొలువును ధిక్కరించి దాము ఊరు విడిచి ముంబై చేరాడు, కూలి చేశాడు, పిల్లలను చదివించాడు. దాము కథనూ బాలయ్య కథనూ పక్కపక్కన పెడితే భాష వేరు, రాజ్యం వేరు, దారి మాత్రం ఒకటే: ఊరి కొలువు, పట్నం కూలి, పిల్లల బడి. ఇద్దరు మనుషుల గొప్పతనం కంటే పెద్దదైన ఒక చారిత్రక క్రమం ఇందులో ఉంది.

అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో చెప్పిన మొదటి సంగతి కూడా తండ్రి కోసం ఎదురుచూపే. 1901లో తండ్రి రాంజీ సతారా జిల్లా గోరేగావ్‌లో క్యాషియర్. సెలవులకు పిల్లలు తండ్రి దగ్గరికి బయలుదేరారు. కొత్త బట్టలు, రైలు ప్రయాణం, అంతా సంబరం. మసూరు స్టేషన్‌లో దిగితే తండ్రి పంపిన మనిషి లేడు, పిల్లల జాబు తండ్రికి అందలేదు. మహర్ పిల్లలని తెలియగానే స్టేషన్ మాస్టరు మొహం మారింది, బండ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు, దారిలో తాగను నీళ్లు దొరకలేదు. అంటరానితనం గురించి లోకానికి చెప్పాల్సి వచ్చినప్పుడు అంబేద్కర్ ఎత్తుకున్నది తండ్రిని చేరడానికి అవస్థపడ్డ పిల్లల కథ. తండ్రి ఉద్యోగం, జీతం, ప్రేమ అన్నీ ఉన్నా బండిబాటను కులమే ఏలుతుందని ఆ కథ చెప్తుంది.

తెలుగులో బిడ్డలు కూడా రాశారు. జాషువా గురించి హేమలతా లవణం ‘మా నాన్నగారు’ రాశారు. హైదరాబాదు ఆది హిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ (1888–1939) జీవితాన్ని కొడుకు గౌతమ్ పుస్తకంగా రాశారు. సంఘం, సభ, బడి అని తిరిగిన తండ్రుల ఇండ్లలో పిల్లలకు ఏం మిగిలిందో ఇట్లాంటి పుస్తకాలే చెప్పగలవు. ఉద్యమాల చరిత్ర రాసేవాళ్లు వీటిని మూలాధారాలుగా చదవాలి.

నల్ల తండ్రుల మీద వేసిన నింద, ఇచ్చిన జవాబు

1965లో మొయినిహాన్ అనే అధికారి అమెరికా ప్రభుత్వానికి నల్ల కుటుంబం మీద ఒక నివేదిక ఇచ్చాడు. నల్లవాళ్ల వెనుకబాటుకు వాళ్ల కుటుంబం చెదిరిపోవడం ప్రధాన కారణమని, తల్లుల పెత్తనం ఎక్కువని దాని ధోరణి. నిరుద్యోగం గురించి కూడా అందులో ఉంది, కానీ జనం నోట్లో నిలిచింది మాత్రం ‘ఇల్లు పట్టని నల్ల తండ్రి’ అనే బొమ్మ. సినిమాలూ పత్రికలూ రాజకీయ నాయకులూ దాన్నే తిప్పారు. 2013 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య గణాంక సంస్థ ఇచ్చిన నివేదిక ఆ బొమ్మకు ఎదురుగా ఉంది. పిల్లలతో కలిసి ఉంటున్న నల్ల తండ్రులు పిల్లలకు తినిపించడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం, హోంవర్కు చూడటం వంటి పనుల్లో మిగతా తండ్రులతో సమానంగానో, కొన్నిట్లో ఎక్కువగానో ఉన్నారని అందులో తేలింది.

గణాంకం ఒక్కటే నిందను పోగొట్టదు. అందుకని వాళ్లు పుస్తకాలు రాసుకున్నారు, అవీ చిన్నపిల్లలకు. జవాకా స్టెప్టో బొమ్మలు వేసి 1997లో తెచ్చిన పుస్తకంలో నల్ల కవులు తమ తండ్రుల గురించి రాసిన పద్యాలున్నయి. మాథ్యూ చెర్రీ రాసిన ‘హెయిర్ లవ్’ (2019) ఒక తండ్రి తన చిన్న బిడ్డ జుట్టు దువ్వడం నేర్చుకునే కథ. అదే కథతో తీసిన చిన్న సినిమాకు 2020లో ఆస్కార్ వచ్చింది. నల్ల జుట్టును అసహ్యించుకునే లోకంలో తండ్రి కూర్చుని బిడ్డ జుట్టు దువ్వడం రాజకీయమే. డేనియల్ బీటీ ‘నాక్ నాక్’ (2013) జైలు పాలైన తండ్రిని దాచిపెట్టలేదు. దూరమైన తండ్రి కోసం కొడుకు పడే బాధనూ, తండ్రి రాసిన ఉత్తరాన్నీ పిల్లల పుస్తకంలోనే పెట్టింది. పెద్దలకు టా-నెహిసి కోట్స్ 2015లో తన కొడుక్కు ఉత్తరంగా ఒక పుస్తకం రాశాడు. పోలీసుల చేతిలో నీ ఒళ్లు భద్రం కాదని కొడుక్కు చెప్పాల్సి రావడం నల్ల తండ్రి గతి. ‘గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకో బిడ్డా’ అని చెప్పిన మన తాతలకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

మనకు పిల్లల పుస్తకాల్లో ఈ తండ్రి దాదాపు లేడు. తెలుగు వాచకాల్లో నాన్న అంటే పేపరు చదువుతూ కుర్చీలో కూర్చున్న మనిషి. చెప్పులు కుట్టే నాన్న, బావిలో దిగే నాన్న, మోరీ తీసే నాన్న ఆ బొమ్మల్లో ఎక్కడున్నాడు? అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల కథల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర లాంటి రచయితలు వాడ పిల్లల లోకాన్ని తీసుకొచ్చారు. ఆ దారిలో ఇంకా చాలా దూరం పోవాల్సి ఉంది.

తల్లిని మరిచే పొగడ్త వద్దు

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయమని మన సామెత. గోగు శ్యామల తన కథకూ పుస్తకానికీ దాన్నే పేరుగా పెట్టుకున్నారు. తండ్రుల పుస్తకాలు పెరిగే కొద్దీ, నాట్లకు పోయి, కలుపు తీసి, దొరసాని ఇంట్లో వెట్టి చేసి, రాత్రి గంజి కాచిన తల్లి వెనక్కి పోయే ప్రమాదం ఉంది. దళిత బహుజన ఇండ్లలో తండ్రి పెత్తనం బ్రాహ్మణ ఇండ్లలో కంటే తక్కువని, సంబంధాలు కొంత ప్రజాస్వామికమని కంచ ఐలయ్య 1996లో వాదించారు. పనిలో ఆడామగా కలిసి ఉండటం నిజమే. కానీ ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీల అనుభవం ఆ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోదని దళిత స్త్రీలు రాసి చూపించారు. రెండూ వినాలి.

తాగుడు సంగతి కూడా దాచొద్దు. తాగి ఇంటికొచ్చిన తండ్రి మన జ్ఞాపకాల్లో ఉన్నాడు. అయితే ఆ సీసా వెనక ఎవరున్నారు? 1980లలో రాష్ట్ర ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ అందేలా చేసింది. కూలి డబ్బులు ఖజానాకు పోయినయి. దాన్ని ఆపింది 1992లో నెల్లూరు పల్లెల నుంచి లేచిన ఆడవాళ్లు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. తాగిన తండ్రిని నిలదీసిందీ తల్లే, తాగించిన సర్కారును నిలదీసిందీ తల్లే. తండ్రి చరిత్ర నిజాయితీగా రాస్తే అందులో ఈ తల్లి తప్పకుండా ఉంటుంది.

ఇంకో సంగతి. తండ్రి పేరు అడిగే అధికారం సర్కారు చేతిలో ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక దేశంలో పెద్ద చర్చ అతని తండ్రి కులమేమిటనే దాని మీదికి మళ్లింది. పెంచింది తల్లి రాధిక. పిల్లలను ఎస్సీ ఎస్టీ తల్లి పెంచి, వాళ్లు ఆ కులం కష్టాలే అనుభవించి ఉంటే తండ్రి కులమొక్కటే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2012లోనే, గుజరాత్ నుంచి వచ్చిన రమేశ్‌భాయ్ నాయకా కేసులో చెప్పింది. అయినా ఆఫీసు కాయితం ముందు తల్లి మాట నిలవడం ఎంత కష్టమో చూశాం. వర్జీనియాలో బానిసను చేయడానికి తల్లిని పట్టుకున్నారు, ఇక్కడ హక్కు కాదనడానికి తండ్రిని పట్టుకుంటున్నారు. ఎవరికి ఏది లాభమో అదే వారసత్వం!

ఇప్పుడు సేకరించాల్సింది

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలమంది కూలీలు రైతులు ఊరేగింపు తీశారు. ఆ రోజుల్లోనే కరీంనగర్ పల్లెల్లో వెట్టి బంద్ అయింది. సంఘంలో చేరిన కొడుకులు తండ్రులతో వెట్టి మాన్పించారు. తండ్రి కొడుకును విడిపించడం ఒక చరిత్ర, కొడుకు తండ్రిని విడిపించడం ఇంకో చరిత్ర. రెండోది ఇంకా సరిగా రాయలేదు. ఆ తరం తండ్రులు చాలామంది పోయారు, ఉన్న కొడుకులు ముసలివాళ్లయ్యారు.

సింగరేణిలో తండ్రి దిగిపోతే కొడుక్కు ఉద్యోగం అనే డిమాండు మీద ఎన్నో సమ్మెలు, కోర్టు కేసులు నడిచినయి. బాకీ తప్ప వారసత్వం ఎరుగని ఇండ్లకు మొదటిసారి ఒక ఉద్యోగం వారసత్వంగా వచ్చింది. దాని కోసం తండ్రులు అన్‌ఫిట్ అయ్యామని ఒళ్లు చూపించుకున్నారు. ఇటు జగిత్యాల, సిరిసిల్ల నుంచి దుబాయికి, సౌదీకి పోయిన తండ్రులున్నారు. పిల్లలకు వాళ్లు ఫోన్లో వినిపించే గొంతే. రెండేండ్లకోసారి వచ్చి పోతారు, కొందరు పెట్టెలో వస్తారు. ఇదీ తండ్రుల చరిత్రే, ఇప్పుడు జరుగుతున్న చరిత్ర.

విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు ఈ పనికి పెద్ద గ్రాంటు కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఇంట్లో ఉన్న కాయితాలు తీయాలి: బడి టీసీ, రైల్వే సర్వీసు పుస్తకం, బావి గుర్తింపు కార్డు, పాసుపోర్టు, అప్పు పత్రం, పట్టా. వాటిలో తండ్రి పేరు ఎట్లా రాశారో చూడాలి. ‘గాడు’ ఎప్పుడు ‘అయ్య’ అయింది, ఎవరి చేతి రాతలో అయింది? మొదట బడికి పోయిందెవరు, ఆ రోజు దొర ఏమన్నాడు, తండ్రి ఏం జవాబిచ్చాడు? బడి మాన్పించిన బిడ్డ ఎవరు, ఎందుకు మాన్పించారు? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగాలి. అన్నను చదివించడానికి చెల్లె కూలికి పోయిన ఇండ్లు మన వాడల్లో తక్కువ లేవు. అడిగినప్పుడు అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టాలి. బాపు మరిచింది అవ్వ చెప్తుంది.